వేలు తెగింది సరే, బొక్క పోయిందా?

చూపుడు వేలి కొస తెగిపడి లోపలి ఎముకకి ఏమీ కాకపోతే 5 శాతం. ఎముక ఒక కణుపు మేర పోతే 9 శాతం. రెండు కణుపులు పోతే 11. వేలు మొత్తం పోతే 14.

బ్యాంకు వడ్డీ రేట్లు కావివి. పనిలో దెబ్బ తగిలిన మనిషికి సంపాదించే శక్తి ఎంత తగ్గిందో లెక్కగట్టే పట్టికలోని అంకెలు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో ఉందా పట్టిక, 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనూ ఉంది. ఆ రెండింటినీ తనలో కలుపుకుని 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోకీ వచ్చింది. చదువుతూ పోతే అంతా ఎముకల పేర్లు, స్థానాల పేర్లే. ఫాలాంక్స్, మెటకార్పల్, ఒలెక్రనాన్, అక్రోమియన్. వీటిలో ఏ మాట మీ ఆసుపత్రి కాగితం మీద పడిందన్నదాన్ని బట్టే డబ్బు.

నేనుండేది ఇంద్రేశంలో. పొద్దున మా క్యాబులు ఔటర్ ఎక్కి గచ్చిబౌలి వైపు పోతుంటే, అదే టైముకి షిఫ్టు బస్సులు పాశమైలారం వైపు పోతుంటాయి. ఒకే కాలనీ, రెండు దిక్కులు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు దేశం మొత్తం ఇటు చూసింది. నేను చెప్పబోయేది అంత పెద్ద ప్రమాదం గురించి కాదు. ఏ వార్తలోనూ రానివి ఉంటాయి చూడండి, ప్రెస్ మెషీన్ కింద వేలు పడటం, కన్వేయర్ బెల్టు గ్లవుజుతో పాటు చెయ్యిని కూడా లాక్కోవడం, వాటి గురించి.

మా కింది పోర్షన్ అన్నది జహీరాబాద్ వైపు ఊరు. ఇక్కడ షీట్ మెటల్ ప్రెస్ మీద పని. మొన్నీమధ్య కుడిచేతికి కట్టుతో పైకొచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, నువ్వు ఇంజినీరువి గదా, గిండ్ల ఏం రాసిండ్రో జర జెప్పు. మా సూపర్‌వైజరేమో కొసనే పోయింది, బొక్కకేం గాలే అంటున్నడు."

కాగితం మీద ఒకటే లైను. కుడి చూపుడు వేలు, డీఐపీ జాయింట్ దగ్గర ఆంప్యుటేషన్. డీఐపీ అంటే డిస్టల్ ఇంటర్ ఫాలాంజియల్. మూడు ముక్కలుగా విడగొడితే సులువే. డిస్టల్ అంటే కొస వైపుది. ఇంటర్ అంటే మధ్యన. ఫాలాంజియల్ అంటే వేలి ఎముకలకి సంబంధించినది. అంటే వేలి ఎముకల మధ్య ఉండే కీళ్లలో, కొసకి దగ్గరగా ఉన్న కీలు. కీలు దగ్గరే తెగిందంటే దానికి అవతలున్న ఎముక మొత్తం పోయినట్టే. ఎముకకి ఏమీ కాని 5 శాతం కేసు కాదిది, ఒక ఫాలాంక్స్ పోయిన 9 శాతం కేసు.

నాలుగు శాతమే కదా అనుకోకండి. ఈఎస్ఐలో శాశ్వత వైకల్యానికి ఇచ్చేది, సగటు రోజు కూలీలో 90 శాతం తీసుకుని, దాంట్లో ఈ శాతం. రోజుకి 500 వచ్చే మనిషికి లెక్క వేద్దాం. 500లో 90 శాతం 450. అందులో 9 శాతం అంటే 40 రూపాయల 50 పైసలు. 5 శాతం అయితే 22 రూపాయల 50 పైసలు. తేడా రోజుకి 18 రూపాయలు, నెలకి 540. బతికున్నన్నాళ్లూ. శాతం ఖాయం చేసేది మెడికల్ బోర్డే, నేనూ కాదు, సూపర్‌వైజరూ కాదు. కానీ బోర్డు ముందుకి వెళ్లేవి ఈ కాగితాలు, ఎక్స్‌రేలే. ఈఎస్ఐ లేనివాళ్లకి 1923 చట్టం పెట్టిన లెక్క వేరు: జీతంలో 60 శాతాన్ని వయసుని బట్టి ఇచ్చిన ఒక అంకెతో గుణించి, దాంట్లో శాతం తీస్తారు. 25 ఏళ్లవాడికి ఆ అంకె 216.91. జీతం 15,000 అయితే 9 శాతానికి దాదాపు లక్షా 75 వేల 700 వస్తుంది, 5 శాతానికి 97 వేల 600. బొక్క పోయిందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద 78 వేలు అటూ ఇటూ.

ఆంధ్ర పాఠకులకి ఒక మాట. మాకు బొక్క అంటే ఎముక. మీకేమో రంధ్రం. గుంటూరు నుంచి వచ్చిన మా టీమ్‌మేట్‌కి ఎవరో "కాలు బొక్క ఇరిగింది" అని చెప్తే, బొక్క విరగడమేంటని రెండు నిమిషాలు ఆలోచించాడట. ఒకే భాషలో ఉన్న మనకే ఇంత తంటా ఉంటే, ప్రపంచంలో డాక్టర్లందరి సంగతేంటి? వాళ్లకీ ఇదే తలనొప్పి ఉండేది. ఒకే ఎముకకి దేశానికో పేరు, బడికో పేరు. చివరికి 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో కూర్చుని లాటిన్‌లో ఒక ఉమ్మడి జాబితా ఖాయం చేసుకున్నారు. ఇప్పుడు మన కాగితాల మీద కనిపించే మాటలు ఆ వరసలోవే.

ఈ మాటల వెనక ఒక ఏర్పాటుంది. ఏం చెప్పాలన్నా ముందు ఒక మనిషిని నిలబెడతారు. నిటారుగా, ముఖం ముందుకి, చేతులు పక్కన, అరచేతులు ముందుకి తిప్పి, బొటనవేళ్లు బయటి వైపుకి. దీని పేరు అనటామికల్ పొజిషన్. ఫోను పక్కన పెట్టి ఒకసారి నిలబడి చూడండి, క్యాలెండర్ మీద దేవుడు వరమిస్తున్న పోజులా ఉంటుంది. మామూలుగా ఎవరూ అలా నిలబడరు. కానీ అన్ని దిక్కులూ ఆ పోజు నుంచే లెక్క. పేషెంటు పడుకున్నా, తలకిందులుగా వేలాడుతున్నా, తల సుపీరియరే, కాళ్లు ఇన్ఫీరియరే. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే ఆరిజిన్‌ని ఒకచోట పాతేయడం. స్క్రీన్ ఎంత తిప్పినా కోఆర్డినేట్లు మారవు.

ఇన్ఫీరియర్ అన్నారు కదా అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఈసీజీ రిపోర్టులో ఇన్ఫీరియర్ వాల్ అని చూసి "మా నాన్న గుండె నాసిరకమా" అని కంగారు పడినవాళ్లున్నారు. అది గుండె కింది గోడ, అంతే. యాంటీరియర్ ముందుది, పోస్టీరియర్ వెనకది.

కుడి ఎడమల దగ్గర మాత్రం జాగ్రత్త. కుడి అంటే ఎప్పుడూ పేషెంటు కుడే. ఎదురుగా నిలబడి చూసేవాడి కుడి కాదు. సెల్ఫీలో చొక్కా జేబు అటు మారిపోయి కనిపించడం మనకి తెలిసిందే. ఆపరేషన్ బల్ల మీద అలా మారితే సరదా కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, కత్తి పెట్టకముందే మనిషి ఎవరు, ఏ చోటు, ఏ ఆపరేషన్ అని గట్టిగా చెప్పుకోవాలని ఉంది. ఆ చోట గుర్తు పెట్టారో లేదో కూడా అందులో చూసుకుంటారు. మీకు పెన్నుతో కాలి మీద గీత గీస్తే నవ్వకండి.

ఇక మీడియల్, లేటరల్. ఒంటికి నిలువునా నడిమిన ఒక గీత ఊహించుకోండి. దానికి దగ్గరిది మీడియల్, దూరంది లేటరల్. ఇక్కడో తమాషా ఉంది. ఫోను పట్టుకున్నప్పుడు బొటనవేలు లోపలి వైపు ఉంటుంది కదా, కాబట్టి అదే మీడియల్ అనిపిస్తుంది. కానీ మన దేవుడి పోజులో అరచేతులు ముందుకి తిరిగున్నాయి. అక్కడ చిటికెన వేలు మీడియల్, బొటనవేలు లేటరల్.

ప్రాక్సిమల్, డిస్టల్ అన్న జంటని మా అన్న నాకంటే తొందరగా పట్టేశాడు. జహీరాబాద్ వైపంటే చెరుకు. చెరుకు గడకి మొదలుంటుంది, కొస ఉంటుంది, మధ్యలో కణుపులుంటాయి. మొండెం వైపుది మొదలు, అంటే ప్రాక్సిమల్. దూరం పోయేకొద్దీ కొస, అంటే డిస్టల్. మోచేతికంటే మణికట్టు డిస్టల్, మణికట్టు కంటే గోరు డిస్టల్. వేలికి మూడు ఎముకలు: మొదటిది ప్రాక్సిమల్ ఫాలాంక్స్, నడిమిది మిడిల్, కొసది డిస్టల్. చట్టం ఈ కొసదాన్ని టెర్మినల్ అంటుంది. రెండూ ఒకటే. "గిదేనా, గింత దానికి గంత ఇంగ్లీషా" అన్నాడు అన్న.

బొటనవేలికి మాత్రం నడిమి ఎముక ఉండదు, రెండే. అంటే ఒక చేతికి నాలుగు మూళ్లు పన్నెండు, రెండు కలిపి పద్నాలుగు వేలి ఎముకలు. అరచేతిలో అయిదు మెటకార్పల్స్. మణికట్టులో గులకరాళ్లు పోసినట్టు ఎనిమిది కార్పల్స్. మొత్తం 27. పాదానికి 26. రెండు చేతులు, రెండు పాదాలు కలిపితే 106. ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో సగానికి పైగా ఈ నాలుగు చోట్లే ఉన్నాయన్నమాట. యంత్రాలకి దగ్గరగా పోయేవీ ఇవే.

మా నాయనమ్మ చిట్టీ డబ్బులు వేలి కణుపుల మీద లెక్కపెట్టేది. బొటనవేలు ఒక్కో కణుపు మీదకి జరుగుతూ పన్నెండు దాకా పోయేది. ఆ బొటనవేలు చేసే పనికి అనాటమీలో ప్రత్యేకంగా పేరుంది, అపోజిషన్. మిగతా నాలుగు వేళ్లకీ ఎదురు నిలబడి వాటి కొసల్ని తాకడం. చూపుడు వేలు ఇంకో వేలికి అలా ఎదురు తిరగలేదు. స్పానర్ పట్టుకోవాలన్నా, చొక్కా బొత్తాం పెట్టుకోవాలన్నా, మీరిప్పుడు ఈ పేజీని పైకి తోస్తున్నా ఆ వేలి పుణ్యమే. బొటనవేలి మెటకార్పల్ మణికట్టుని కలిసే చోట గుర్రం జీను ఆకారంలో ఒక కీలు ఉంది. సంగతంతా అక్కడే. ఆ పట్టిక రాసినవాళ్లకి ఇది తెలుసు. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతమే, బొటనవేలు పోతే 30. దానితో పాటు మెటకార్పల్ కూడా పోతే 40. చిటికెన వేలు మొత్తం పోయినా 7 శాతమే. ద్రోణాచార్యుడు ఏకలవ్యుణ్ణి అడిగిన వేలు ఏదో గుర్తుందిగా, ఆయనకీ తెలుసు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి రత్ని, అరత్ని గుర్తుండే ఉంటాయి. ముంజేతిలో ఉండే రెండు ఎముకలు, ఇంగ్లీషులో రేడియస్, అల్నా. ఏది ఏ వైపో పరీక్ష అయిపోగానే మర్చిపోతాం. మర్చిపోకుండా ఉండటానికి ఒక దారి ఆ మాటలోనే ఉంది. సంస్కృతంలో అరత్ని అంటే ఒక కొలత, మోచేతి నుంచి చిటికెన వేలి కొస దాకా. మన పూలమ్మి మూరెడు మల్లెపూలు కొలిచినట్టే. అల్నా ఉండేది చిటికెన వేలి వైపే! లాటిన్‌లో కూడా అల్నా అంటే మోచెయ్యి, ముంజేతి కొలత. రెండు చోట్లా జనం బట్టలు, తాళ్లు ముంజేతితోనే కొలిచారు కాబోలు.

ఇలాంటిదే ఇంకొకటి జెను. లాటిన్‌లో మోకాలు. మనం ఆజానుబాహువు అంటాం కదా, జాను దాకా చేతులున్నవాడు, ఆ జాను, ఈ జెను ఒక తల్లి పిల్లలే. ఈ మాట నల్గొండకి బాగా తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లలో పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ చీలమండలు దూరంగా జరిగిపోవడాన్ని హైదరాబాద్ ఎన్ఐఎన్‌కి చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాళ్లు వాడిన మాట జెను వాల్గం. వాల్గం అంటే కీలుకి కిందనున్న ఎముక నడిమి గీతకి దూరంగా, లేటరల్ వైపుకి వంగడం. మోకాళ్లు బయటికి, చీలమండలు దగ్గరికి వంగితే అది ఇంకో జబ్బు, ఇంకో పేరు. "కాళ్లు వంకర" అని రాసి ఉంటే లండన్‌లో చదివేవాడికి ఏ వైపు వంకరో తెలిసేది కాదు.

కదలికల మాటలు ఎందుకు అంటారా? వేలు తెగకుండా మిగిలినా బిగుసుకుపోవచ్చు. చట్టంలో ఆ పట్టిక కిందే ఒక వాక్యం ఉంది: అవయవం ఉన్నా దాని వాడకం పూర్తిగా, శాశ్వతంగా పోతే ఆ అవయవం పోయినట్టే లెక్క. వాడకం ఎంత మిగిలిందో తేల్చడానికి కదలికని కొలుస్తారు. కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టుండే గోనియోమీటర్ అనే పరికరంతో డిగ్రీల్లో చూస్తారు. ముడవడం ఫ్లెక్షన్, చాపడం ఎక్స్‌టెన్షన్. తెలుగు పుస్తకాల్లో ఆకుంచనం, ప్రసారణ. ఇవి నిన్నో మొన్నో అనువాదం కోసం పుట్టించినవి కావు, వైశేషిక దర్శనం చెప్పిన అయిదు కర్మల్లో ఈ రెండూ ఉన్నాయి. నడిమి గీత నుంచి దూరం జరపడం అబ్‌డక్షన్, దగ్గరికి తేవడం అడక్షన్. ఈ రెండూ చెవికి ఒకేలా వినపడతాయని డాక్టర్లే "ఏ బీ డక్షన్", "ఏ డీ డక్షన్" అని అక్షరాలు విడదీసి పలుకుతారు. వాళ్లకే అంత జాగ్రత్త అవసరమైతే మనం రెండోసారి అడగడంలో తప్పేం లేదు.

నాకు బాగా నచ్చిన జంట మాత్రం సుపైన్, ప్రోన్. వెల్లకిలా, బోర్లా. వీటికి అనువాదమే అక్కర్లేదు, మన ఇళ్లలో ఉన్న మాటలే. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు పంచుకునే జనం మనం. 2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ దొరక్క అల్లాడుతున్నప్పుడు ఆరోగ్య శాఖ ప్రోనింగ్ చేయమంది. మన వాట్సాప్ గ్రూపుల్లో "బోర్లా పడుకోండి" అన్న రెండు మాటల్లో విషయం చేరిపోయింది. అరచేయి పైకి తిప్పడం సుపినేషన్, కిందికి తిప్పడం ప్రొనేషన్. తీర్థం పట్టేటప్పుడు వెల్లకిలా, దీవించేటప్పుడు బోర్లా. గ్లాసు బోర్లించినట్టే చెయ్యినీ బోర్లిస్తాం. అలా తిప్పేటప్పుడు రేడియస్ పోయి అల్నా మీద అడ్డంగా పడుతుంది. స్క్రూడ్రైవర్ తిప్పే ప్రతి మనిషీ రోజంతా చేసే పని ఇదే.

పట్టికలో పై మెట్లకి వెళ్తే అంకెలు పెద్దవవుతాయి, మాటలు కష్టమవుతాయి. ఒలెక్రనాన్ అంటే మోచెయ్యి మడిచినప్పుడు వెనక పొడుచుకొచ్చే మొన, అల్నా పై కొస. అక్రోమియన్ అంటే భుజం పైన చేత్తో తడిమితే తగిలే గట్టి మొన, రెక్క ఎముకలో భాగం. చెయ్యి తెగిన చోటు ఒలెక్రనాన్ మొనకి 11.43 సెంటీమీటర్లు కిందనుంటే 60 శాతం. ఆ గీతకి పైనైతే 70. అక్రోమియన్ మొన నుంచి మిగిలిన చెయ్యి 20.32 సెంటీమీటర్ల కంటే తక్కువైతే 80. భుజం కీలు దగ్గరే పోతే 90. ఇవేం అంకెలు అని ఆశ్చర్యపోకండి, పాత నాలుగున్నర అంగుళాలు, ఎనిమిది అంగుళాలు. మెట్రిక్ వచ్చాక సెంటీమీటర్లలోకి మార్చారు కానీ గుండ్రంగా సర్దలేదు. కుడి చెయ్యా ఎడమ చెయ్యా అన్న తేడా కూడా పట్టికలో లేదు. ఏ చెయ్యైనా అంతే.

మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగితే డిశ్చార్జి రోజే కాగితం చదవండి. కుడా ఎడమా పూర్తి అక్షరాలతో ఉందా? ఏ వేలో పేరుతో ఉందా, నంబరుతో ఉందా? నంబరైతే బొటనవేలి నుంచి లెక్కపెట్టారా, చూపుడు వేలి నుంచా? రెండో వేలు అంటే ఒకరికి చూపుడు వేలు, ఇంకొకరికి మధ్యవేలు అయిపోతుంది. ఏ ఫాలాంక్స్, ఏ కీలు అన్నది రాశారా? "ఫింగర్ టిప్ ఇంజురీ" అని మాత్రమే ఉంటే, ఎముక పోయిందో లేదో రాయమని అక్కడే అడగండి. ఎక్స్‌రే ఫోటో ఫోనులో తీసుకుంటే సరిపోదు, కాపీ, రిపోర్టు రెండూ చేతికి తీసుకోండి.

మా అన్న మొన్న సోమవారం వెళ్లి రిపోర్టు తెచ్చుకున్నాడు. డిస్టల్ ఫాలాంక్స్ లేదు అని ఒక లైను. బోర్డు తేదీ ఇంకా రాలేదు. ఈలోగా ఎడమచేత్తో ఫోను తిప్పడం నేర్చుకుంటున్నాడు. కుడిచేతి వేలికి లాక్ తెరుచుకోవట్లేదట, ముద్ర ఉన్నది ఆ పోయిన కణుపు మీదే.